రెండు చుక్కల బేరం

ఈరోజు గురువారం. మా ఆడబిడ్డ పన్నెండో రోజు కార్యం మొన్న మంగళవారం వికారాబాదులో జరిగింది. తాండూరుకు తిరిగి వచ్చి, ఇల్లు సర్దుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను. ఆమె నవలను ఫోన్‌లో వారం వారం చదువుతున్నవాళ్లు చివరి అధ్యాయం ఏమైందని అడుగుతున్నారు. కొందరు అడగడం దాటి కొట్లాటకు దిగారు. ఆ కొట్లాట ఆగాలి, ఆ అధ్యాయం ఎట్లా రాబోతున్నదో అందరికీ తెలియాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నేను చూసినవి, విన్నవి మాత్రమే ఉంటాయి. చూడనిది ఉంటే చూడలేదని చెబుతాను.

ఆమె పోయిన కబురూ, ఆమె నవలకు రెండు చుక్కలూ ఒకే పొద్దున వచ్చాయి.

ముందు వచ్చినవి చుక్కలు. 'బషీరాబాద్ కోడలు' అనే పేరుతో రాసే పాఠకురాలు చివరిదానికి ముందు వచ్చిన అధ్యాయానికి అయిదింట రెండు చుక్కలు వేసి, "మొగడు గేటు కాడ నిలబడ్డడు, కథ గూడ నిలబడ్డది. ఇద్దర్ల ఒకరన్న కదలాలె" అని రాసింది. వికారాబాద్ వెళ్లినప్పుడు ఇది ఆడబిడ్డకు చదివి వినిపించాలి, ఏమంటుందో చూడాలి అనుకుంటూ ఉండగానే మేనల్లుడి ఫోన్ వచ్చింది.

"అత్తమ్మా, అమ్మ లేదు."

"లేకపోతె ఏడికి పోయింది? గంత పొద్దుగాల?" అన్నాను. మనిషి ఎంత చదువుకున్నా కొన్ని మాటలు వెంటనే అర్థం కావు.

పొద్దున చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చున్నదట. ఇంటి కోడలు పాలు తీసుకుని లోపలికి వచ్చేసరికి అట్లాగే కూర్చుని ఉన్నదట. ఇది నేను చూడలేదు. కప్పు బోర్లించి ఉండటం మాత్రం చూశాను.

ఆమె మా వారి చెల్లెలు. పుట్టింది తాండూరులో, మెట్టింది వికారాబాదులో. నేను ఆమెను చివరిదాకా "అమ్మాయ్" అనే పిలిచాను. మనవలు పుట్టిన మనిషిని అమ్మాయ్ అంటారా అని ఎవరన్నా నవ్వితే, "వదినె పిలిస్తెనే నేను అమ్మాయిని. అద్దంల చూస్కుంటె కాను" అనేది.

ఆమె చాలా ఏళ్లుగా నవలలు రాసింది. మొదట్లో వారపత్రికల్లో వచ్చేవి. ఆ కాలంలో తిట్లు సంపాదకుడి బల్ల దగ్గరే ఆగిపోయి, మెచ్చుకోలు ఉత్తరాలు మాత్రమే ఇంటికి వచ్చేవి. అందువల్ల తన నవలలు నచ్చనివాళ్లు తెలుగుదేశంలో లేరనే భ్రమలో ఆమె హాయిగా నిద్రపోయేది. ఆ తర్వాత పత్రికలు మూతపడ్డాయి. ఫోన్‌లో కథలు చదివే యాప్ ఒకటి దొరికింది. ఆమె కాగితం మీద రాస్తే కోడలు ఫోన్‌లో కొట్టేది. అధ్యాయం పెట్టిన అరగంటకే కింద చుక్కలు, మాటలు వచ్చి పడేవి. వడపోత లేదు. సంపాదకుడూ లేడు.

మొదటి తిట్టు వచ్చిన రోజున ఆమె ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. కానీ ఏమన్నారో తెలుసుకోకుండా ఉండలేదు. అందుకని చదివి వినిపించే పని నాకు పడింది. గురువారం గురువారం పాసింజరు ఎక్కి వికారాబాద్ వెళ్లేదాన్ని. ఆమె కందిపప్పు చాటలో పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చునేది. నేను కళ్లజోడు పెట్టుకుని, వచ్చినవన్నీ వరసగా, ఏదీ వదలకుండా చదివేదాన్ని.

"వదినె, నువ్వు చదువుతుంటె మంచి మాట గూడ కోర్టు నోటీసు లెక్క వినొస్తది."

"ఉన్నది ఉన్నట్టు చదువుతున్న. పాట పాడాల్నా?"

"పాడకు తల్లీ. పక్కింటోళ్లు పరేషాన్ అయితరు."

మిగతా రచయితలు ఈ బాధను ఎట్లా పడుతున్నారో కనుక్కుందామని ఒకసారి హైదరాబాదులో సభకు పోయింది. తిరిగి వచ్చి చెప్పిన సంగతులు ఇవి. ఒకాయన రివ్యూలు అసలు చూడడట. చూడనని చెప్పుకుంటూనే జేబులోంచి ఫోన్ మాటిమాటికీ తీసి చూశాడట. ఇంకొకామె తిట్టినవాళ్లకు కూడా దండాలు పెడుతున్న బొమ్మలు పంపుతుందట. పంపిన తర్వాత తలనొప్పి మాత్ర వేసుకుంటుందట. మూడో ఆయన వేరే పేరు పెట్టుకుని తన నవలకు తానే రివ్యూ రాసుకుంటాడట. "అయిదు చుక్కలేస్తె ఎవరు నమ్మరని నాలుగే ఏసుకున్న, ఒకటి మనసు మీద రాయి పెట్టుకుని తగ్గించిన" అన్నాడట. ఆ త్యాగం తలచుకుని మా ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమెకు ఆ దారులేవీ పనికి రాలేదు. గంజ్ బజారులో కందుల వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టిన మనిషి. చిన్నప్పుడు మా మామగారి పక్కన గోనెసంచి మీద కూర్చుని బేరాలు చూస్తూ పెరిగింది. కొనేవాడు వస్తాడు, సంచిలో చెయ్యి పెడతాడు, గుప్పెడు కందులు తీసి ఊదుతాడు, ఒకటి కొరుకుతాడు, మొహం చిట్లిస్తాడు. తడి అంటాడు, పుచ్చు అంటాడు, మట్టి అంటాడు. చివరికి కొంటాడు. మా మామగారు కూతురికి చెప్పిన మాట నేను కోడలిగా వచ్చిన కొత్తలో కూడా విన్నాను: "కొనేటోడే వంకలు పెడ్తడు బిడ్డా. బాగున్నయి అన్నోడు సంచి దాటి పోతడు."

ఆమె ఆ మాటను నేరుగా ఫోన్‌కు వర్తింపజేసింది. అయిదు చుక్కలు వేసి "సూపర్" అని ఒక్క ముక్క రాసినవాళ్లది చదివితే, "గీయన సంచి దాటి పోయిండు" అనేది. ఒక చుక్క వేసి పేజీడు తిట్టినవాళ్లది చదివితే చాట పక్కన పెట్టి, "ఆగాగు, గీయన చెయ్యి లోపటి దాక పెట్టిండు. మల్లొకసారి చదువు" అనేది.

ఒక్కసారి మాత్రం ఆ సూత్రం పనిచేయలేదు. "ఈవిడ రాయడం మానేసి వంట చేసుకుంటే మంచిది" అని ఎవరో రాశారు. చదివాను. ఆమె ఇంకో రాయి ఏరి పక్కన పెట్టింది. తర్వాత, "గీయన నా వంట తిన్నట్టు లేదు" అంది. నిజమే. ఆమె వంట తిన్నవాళ్లు ఎవరూ ఆ సలహా ఇవ్వరు. ఇద్దరం నవ్వాం. కానీ నవ్వుతూనే ఆమె, ఏరి పెట్టిన రాళ్లను తిరిగి పప్పులోనే పోసింది. చూసి చూడనట్టు ఊరుకోవడం నాకు చేతకాదు కాబట్టి చెప్పాను.

"తెలుసు వదినె," అంది. "ఇంకోసారి ఏరుకుంట."

ఇక బషీరాబాద్ కోడలి సంగతి. ఆమె మా ఆడబిడ్డ రాసిన ప్రతి నవలా, ప్రతి అధ్యాయమూ చదివింది. ప్రతిదానికీ రెండు చుక్కలే వేసింది. ఇప్పుడు నడుస్తున్న నవల తాండూరులో నాపబండల పాలిషింగు యూనిట్ నడిపే ఒక ఆడమనిషి కథ. భర్త ఆమెను, పసిపిల్లను వదిలి వెళ్లిపోతాడు. ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. ఇద్దరినీ కలిపేయాలని మా ఆడబిడ్డ మొదటినుంచీ అనుకుంది. అయిదు చుక్కలవాళ్లందరూ కలపమనే అడుగుతున్నారు. అప్పుడు బషీరాబాద్ నుంచి వచ్చింది:

"బండను తట్టి పగులు చెప్పేటామెకు, మొగడు పగిలిండని తెల్వదా? రెండు చుక్కలు."

చాట పక్కకు పోయింది. కోడలిని పిలిచి, తాను చెబుతుంటే జవాబు కొట్టమంది. అక్కడ ఆమె చేసింది మా ఇళ్లవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పని. బేరానికి దిగింది.

"అమ్మా, రెండు గిట్టదు. నాలుగు చెయ్యి."

వెంటనే జవాబు: "గా మొగన్ని ఇంట్లకు తోల్కపోయే ముచ్చట చేస్కుంట నాలుగు అడుగుతవా? రెండే."

"నా దిక్కు గాదు, నీ దిక్కు గాదు. మూడున్నర."

"సగం చుక్క గీ ఫోన్ల రాదు."

"అయితె మూడు ఖాయం చేసి, ఒక మంచి మాట కొసరెయ్యి."

"కొసరు కావాల్నా? తీస్కో. నీ కథల అత్త మంచిగ మాట్లాడుతది. చుక్కలు రెండే."

అందరూ చూస్తుండగా సాగింది ఈ వ్యవహారం. పట్నం నుంచి ఎవరో పెద్దమనిషి, "మేడమ్, మీ స్థాయి రచయిత్రి ఇలా అడుక్కోకూడదు" అని బాధపడ్డాడు. మా ఆడబిడ్డ నిర్ఘాంతపోయింది. "అడుక్కునుడేంది వదినె? బేరం చేస్తున్న. ఆయన ఇంట్ల కూరగాయలు ఎవరు తెస్తరు?" అంది. చుక్కలు అడగడం నిబంధనలకు విరుద్ధమని యాప్‌వాళ్లు కూడా హెచ్చరిక పంపారు. అది చదివి వినిపిస్తే, "గంజ్ పెట్టుకుని బేరం చెయ్యొద్దంటె ఎట్ల?" అని తీసిపారేసింది.

పైకి అట్లా అంది కానీ, ఆ మాట ఆమెను పట్టుకుంది. కలిపితే పగులు కనబడుతుంది. కలపకపోతే అంతమంది చదివేవాళ్లు పోతారు. వారాల తరబడి ఆ భర్త గేటు దగ్గరే ఉండిపోయాడు. "ఎండలో నిలబెట్టారు, మంచినీళ్లయినా ఇప్పించండి" అని ఒక పాఠకుడు వేడుకున్నాడు. "అంబలి పంపాల్నా?" అని ఇంకొకరు. ఆ గురువారాల్లో ఆమె పప్పు ఏరడం కూడా మానేసింది. "ఫికర్ వాంది గాదు వదినె," అంది ఒకరోజు. "వాడు ఏడనన్న బతుకుతడు. నేను భయపడి రాస్తున్ననేమో అని ఫికర్."

చివరికి మా ఆడబిడ్డే బషీరాబాద్ ఆమెను తాండూరులో మా ఇంటికి రమ్మని కబురు పెట్టింది. తాను వికారాబాద్ నుంచి వచ్చింది. బషీరాబాద్ ఆమె యాభై దాటిన మనిషి, పొడగరి, చేతిలో బజారు సంచి. పుట్టిల్లు సరిహద్దు అవతలి కన్నడ ఊరు. పెళ్లయి వచ్చాక బస్సు బోర్డులు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నదట. ఆ తర్వాత చదివినవి మా ఆడబిడ్డ నవలలేనట.

"నా పుస్తకంతోని చదువు నేర్చి నాకే రెండు చుక్కలు ఏస్తవా?" అంది మా ఆడబిడ్డ, కాళ్లకు నీళ్లయినా ఇవ్వకముందే.

"కోపమొస్తె రెండు ఏస్త. కోపం రాని పుస్తకం సగంల ఇడిసిపెడ్త. దానికి చుక్క గూడ దండుగ."

"మరి వాన్ని ఏం చేద్దామంటవ్?"

"నన్నడుగుతవేంది అక్కా? బండ పరిచింది నువ్వు. పగులున్నదని నేను చెప్పిన. గంతే నా పని."

నేను చాయ్ పెట్టి తెచ్చేసరికి ఇద్దరూ పాత చుట్టాల్లా కూర్చుని ఉన్నారు. అప్పుడు మా ఆడబిడ్డ నేను మడతపెట్టిన తువ్వాల ఒకటి అందుకుంది. వెనకటికి గంజ్‌లో ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చెయ్యీ చెయ్యీ కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకునేవాళ్లు. పక్కవాడికి తెలియకూడదు.

"నలుగుర్ల చుక్కలు చెప్తె అమ్మినోళ్ల ఇజ్జత్ పోతది. ఇట్ల చెప్పు," అని తువ్వాల కప్పి చెయ్యి పెట్టింది.

ఆమె కూడా చెయ్యి దూర్చింది. ఇద్దరి మొహాలూ ఎద్దుల బేరం చేసేవాళ్లలా బిగుసుకున్నాయి. తువ్వాల కింద ఏదో కదిలింది. మా ఆడబిడ్డ కనుబొమలు పైకి పోయాయి. మళ్లీ ఏదో కదిలింది.

"ఖాయం," అంది బషీరాబాద్ ఆమె. సంచి తీసుకుని లేచింది.

ఎన్ని అని అడిగాను. "గది అమ్మినామెకు, కొన్నామెకు నడుమ," అంది ఆడబిడ్డ. స్టేషన్ దాకా నడుస్తూ అడిగాను, రైలు కిటికీ దగ్గర నిలబడి అడిగాను. చెప్పలేదు. లెక్క తేలనిది ఏదీ నా ఇంట్లో ఉండదు. ఇది ఒక్కటి ఉండిపోయింది.

ఆమె చివరి అధ్యాయం రాయడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. రాసింది రాసినట్టు నాకు చదివి వినిపించింది. ఆ ఒక్కరోజు చదివింది ఆమె, పప్పు ఏరింది నేను. విని, ఒక వాక్యం ఎక్కువైందని చెప్పాను. కొట్టేసింది. ఇంకేమన్నా అను అంది. అనడానికి ఏమీ లేదని చెప్పాను. "వదినె నోట్ల మాట లేకుంట చేసిన. ఇంగ చచ్చినా ఫరవాలేదు," అని నవ్వింది. అట్లాంటి మాటలు నాకు నచ్చవని అప్పుడే చెప్పాను. ఇప్పుడూ నచ్చలేదు.

ఆమె పోయిన తర్వాత జరిగింది మీలో చాలామందికి సగమే తెలుసు. బషీరాబాద్ ఆమె ఆ పొద్దున చుక్కలు వేసేసరికి కబురు ఆమెకు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలిసిన తర్వాత జనం ఆమె మీద పడ్డారు. పోయిన మనిషికి రెండు చుక్కలా, మనసు లేదా, మనిషివేనా అన్నారు. ఆమె రెండు చుక్కలూ తీసేసి, "తప్పయింది. ఇంగ చదువ" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయింది. మరోపక్క మా చుట్టాలందరూ వరసగా అయిదు చుక్కలు వేశారు. వాళ్లలో ఆ నవల ఒక్క పేజీ చదివినవాళ్లు లేరని నాకు తెలుసు. చదవని పుస్తకానికి అయిదు చుక్కలు వేయడమంటే తూచని సంచికి రసీదు రాయడమే.

ఇది చాలదన్నట్టు మా మేనల్లుడు, "అమ్మ ఆత్మశాంతి కోసం చివరి అధ్యాయంలో భార్యాభర్తలను కలుపుతున్నాం" అని యాప్‌లో ప్రకటన పెట్టాడు. దండాల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి.

పన్నెండో రోజు భోజనాలయ్యాక అతన్ని ఎదురుగా కూర్చోబెట్టాను. వికారాబాదులో మందుల దుకాణం నడుపుతాడు. మంచివాడు, మెత్తనివాడు.

"మీ అమ్మ రాసిందాన్ని మార్చేటందుకు నువ్వెవనివిరా?"

"అత్తమ్మా, అమ్మ పోయిన ఇంట్ల, కథల మొగన్ని గేటు బయట్నుంచే పంపిస్తె ఏం మంచిగుంటది? ఊళ్లె అందరు వాడు మా బాపే అనుకుంటున్నరు. దుకాణానికొచ్చి నన్నే అడుగుతున్నరు, 'మీ బాపు ఎన్నేండ్లు పోయిండు?' అని."

మా మేనల్లుడి తండ్రి పక్కనున్న పరిగి దాకా పోవాలన్నా ఇంట్లో చెప్పి, ఎదురింట్లో చెప్పి, బస్సు దొరక్కపోతే తిరిగి వచ్చి అది కూడా చెప్పే మనిషి.

"నువ్వు చదివినవా?" అన్నాను.

తల్లి రాసిన ఒక్క నవలా అతను చదవలేదు. అమ్మ ఇంట్లోనే ఉంది కదా, ఎప్పుడైనా చదవచ్చు అనుకున్నాడట.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న కోడలు నోరు విప్పింది. "పెద్దమ్మా, అత్తమ్మ చెప్పింది చెప్పినట్టు నేను కొట్టి పెట్టిన. మార్చమంటె మాత్రం నేను కొట్ట. ఆయననే కొట్టుకొమ్మనుండ్రి." అతనికి తెలుగులో టైపు చేయడం రాదు.

ఫోన్ అతని చేతికి ఇచ్చి, పైకి చదవమన్నాను. మొదట మందుల చీటీ చదివినట్టు చదివాడు. రెండో పేజీకి గొంతు నెమ్మదించింది. గేటు దగ్గర ఆ భార్యాభర్తలు మాట్లాడుకునే చోటికి వచ్చేసరికి పైకి చదవడం ఆపేసి, లోపల చదువుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆపలేదు. ఏమి జరుగుతుందో ఇక్కడ చెప్పను. అది మీరు చదువుకోవాలి. కలవరని మాత్రం ఇప్పటికే అందరికీ అర్థమై ఉంటుంది.

చదివి, వేలితో ఫోన్‌ను పైకి తోస్తూనే ఉన్నాడు. అక్కడ ఇంకేమీ లేదు.

"తర్వాతేమైతది అత్తమ్మా?"

"తర్వాత లేదు బిడ్డా. గదే ఆఖరు."

ఫోన్ నా చేతిలో పెట్టి, "గీడు మా బాపు గాదు," అన్నాడు.

"కాదని పక్క అర్రల కూసోని రాసింది నీ తల్లి. వినలేదు నువ్వు."

అతను భార్యవైపు తిరిగి, "ఉన్నదున్నట్టు పెట్టు," అన్నాడు. నేను లేచి గిన్నెలు సర్దాను.

కనుక ఇకమీదట జరగవలసినవి రాస్తున్నాను. చదివినవాళ్లు పాటించాలి.

1. చివరి అధ్యాయం రేపు శుక్రవారం పొద్దున వస్తుంది. ఆమె రాసినది రాసినట్టే ఉంటుంది. మా మేనల్లుడు పెట్టిన ప్రకటన చెల్లదు. అతనే తీసేస్తున్నాడు.

2. చదవకుండా అయిదు చుక్కలు వేసిన చుట్టాలు వాటిని తీసేయాలి. చదివి, ఎన్ని తోస్తే అన్ని వేసుకోవచ్చు. ఎవరెవరో నాకు తెలుసు. పేర్లు రాసే పని నాకు పెట్టవద్దు.

3. బషీరాబాద్ ఆమెను తిట్టినవాళ్లు, తిట్టిన చోటనే క్షమాపణ చెప్పాలి. ఆమె ఆ నవలను మీ అందరికంటే లోపలిదాకా చదివింది. చివరి అధ్యాయం రావడానికి సగం కారణం ఆమె.

4. బషీరాబాద్ కోడలికి: అమ్మా, నీ రెండు చుక్కలు తిరిగి పెట్టు. పోయిన మనిషి అని జాలిపడి ఒకటి కూడా పెంచవద్దు. చివరి అధ్యాయానికి మాత్రం, చదివి కోపం వస్తేనే వెయ్యి. తువ్వాల కింద ఎన్ని నొక్కావో నేను అడగను.

5. ఆమె వెనక నవల పూర్తి చేస్తామని, రెండో భాగం రాస్తామని ఎవరూ ముందుకు రావద్దు. పూర్తయింది.

6. వికారాబాదులో మా మేనల్లుడి దుకాణానికి వెళ్లేవాళ్లు ఇంకొంతకాలం ఓపిక పట్టాలి. నిన్న అతని భార్య ఫోన్ చేసి చెప్పింది. తల్లి మొదటి నవల అట్ట ఊడిన కాపీ ఒకటి అటక మీద దొరికిందట. దగ్గు మందు కోసం వచ్చిన ముసలాయన చీటీ చాపి నిలబడి ఉంటే, ఇతను తల ఎత్తకుండా ఒక చెయ్యి మాత్రం పైకెత్తి, "జర ఆగు తాతా, గీ పేజీ అయిపోనీ," అన్నాడట. ముసలాయన స్టూలు లాక్కుని కూర్చుని, కాసేపు చూసి, "జర పైకి చదువు మరి," అన్నాడట.